నల్లరాళ్ళలో ఇనుము ఎవరి పక్షం? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో బసాల్ట్, గాబ్రో, పెరిడొటైట్ లాంటి నల్లటి, బరువైన అగ్నిశిలల గురించి రాస్తే, వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాటిలో మెరిసే చుక్కల గురించీ, అయస్కాంతానికి అతుక్కునే నల్ల గింజల గురించీ ఉన్నాయి. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. సిలికా సుమారు 45 నుంచి 52 శాతం దాకా ఉండి, ఇనుము, మెగ్నీషియం దండిగా ఉన్నవి మాఫిక్ శిలలు. సిలికా 45 శాతం కన్నా తగ్గి, దాదాపు మొత్తం ఆలివిన్, పైరాక్సీన్ అనే సిలికేట్ ఖనిజాలతోనే నిండిపోయినవి అల్ట్రామాఫిక్. ఆక్సైడ్లు (లోహం ఆక్సిజన్‌తో కలిసిన ఖనిజాలు), సల్ఫైడ్లు (లోహం గంధకంతో కలిసినవి) వీటిలో మామూలుగా చాలా కొద్దిగానే ఉంటాయి. అయినా నికెల్, క్రోమియం, ప్లాటినం, వెనేడియం కోసం ఈ రాళ్ళను తవ్వేవాళ్ళు వెతికేది ఆ కొద్దిదాన్నే.

ప్రశ్న: నా దగ్గర ఒక నల్లరాయి ఉంది. పిడికెడు కూడా లేదు గానీ చాలా బరువు, అయస్కాంతం టక్కున అతుక్కుంటుంది. ఇంట్లో అందరూ ఉల్కే అని తేల్చేశారు. మీరేమంటారు?

ఇంట్లోవాళ్ళు తొందరపడ్డారంటాను. అయస్కాంతానికి అతుక్కునే రాళ్ళు చాలా మటుకు ఈ భూమి మీద పుట్టినవే, వాటిలో ఆ పని చేసేది మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్. బసాల్ట్, గాబ్రో రెండిట్లోనూ అది ఉంటుంది. కొన్నిచోట్ల గాబ్రోలో పొరలు పొరలుగా పేరుకుని, రాయి మొత్తం మాగ్నటైటే అయిపోతుంది కూడా.

పరీక్ష చాలా సులువు. మెరుపు పూత లేని పింగాణీ ముక్క, అంటే టైల్ వెనకవైపు ఉండే గరుకు భాగం తీసుకుని దాని మీద రాయిని గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే మాగ్నటైట్ అనుకోవచ్చు, ఎర్రమట్టి రంగు గీత పడితే హెమటైట్. ఉల్క అయితే సాధారణంగా గీత పడదు, పడినా లేత బూడిద రంగులో ఉంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక మూల కొంచెం అరగదీసి చూడండి, రాతి ఉల్కల్లో చాలావాటిలో వెండిలా మెరిసే లోహపు తునకలు కనిపిస్తాయి. మాగ్నటైట్‌లో లోపల కూడా అదే నలుపు.

ఒక్క మాట. నిజంగా ఉల్కే అనిపిస్తే మాత్రం బలమైన అయస్కాంతాన్ని దాని దగ్గరికి తీసుకెళ్ళకండి. అది పుట్టినప్పటి నుంచి దాచుకున్న అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి, పరిశోధకులకు కావలసినవాటిలో అవి కూడా ఉన్నాయి.

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. మైక్రోస్కోప్ కింద పలుచని రాతి పొరలో ఈ ఖనిజాలన్నీ నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. రికార్డులో "ఓపేక్ ఖనిజాలు, 3 శాతం" అని రాసి వదిలేస్తున్నాం. ఇంతకు మించి వాటిలో చూడాల్సిందేమైనా ఉందా?

ఉంది. నన్నడిగితే రాతి చరిత్రలో సగం ఆ మచ్చల్లోనే ఉంది, కాకపోతే మీరు లైటు తప్పు వైపు నుంచి వేస్తున్నారు. కింది నుంచి వచ్చే కాంతి ఈ ఖనిజాల్లోంచి దాటదు కాబట్టి అన్నీ ఒకేలా నల్లగా కనిపిస్తాయి. అదే రాయిని అద్దంలా పాలిష్ చేసి, పైనుంచి కాంతి వేసి, తిరిగి వచ్చే కాంతిలో చూస్తే ఒక్కోటి ఒక్కో రంగు చూపిస్తుంది. ఇనుప సల్ఫైడ్ అయిన పిర్రోటైట్ గులాబీ ఛాయ ఉన్న మీగడ రంగు, దాని పక్కనే ఇనుము, నికెల్ సల్ఫైడ్ అయిన పెంట్లాండైట్ ఇంకాస్త పాలిపోయిన లేత పసుపు, రాగి, ఇనుము సల్ఫైడ్ అయిన చాల్కోపైరైట్ ముదురు పసుపు, మాగ్నటైట్, ఇల్మనైట్ (టైటానియం, ఇనుము ఆక్సైడ్) బూడిద రంగులు, క్రోమైట్ (క్రోమియం, ఇనుము ఆక్సైడ్) ఇంకా మసక. అన్నట్టు క్రోమైట్ పూర్తిగా ఓపేక్ కూడా కాదు. పలుచని పొరలో దాని అంచులను గట్టి కాంతిలో చూడండి, ముదురు గోధుమ రంగు కనబడుతుంది.

రంగుల కన్నా వాటి అల్లిక ముఖ్యం. మాగ్నటైట్ గింజలో సన్నటి పట్టీల్లాగా, కోణాల్లో ఒకదాన్నొకటి కోసుకుంటూ ఇల్మనైట్ కనిపిస్తే, ఆ గింజ మొదట టైటానియం కలిసిన ఒకే ఖనిజంగా పుట్టిందనీ, తర్వాత మెల్లగా చల్లబడుతూ ఆక్సిజన్ సోకి రెండుగా విడిపోయిందనీ అర్థం. ఒకే రాతిలో ఈ రెండు ఆక్సైడ్లూ పక్కపక్కన ఉంటే ఇంకో సౌకర్యం ఉంది. వాటిలో టైటానియం, ఇనుము ఎలా పంచుకున్నాయో కొలిచి, అవి ఏ ఉష్ణోగ్రతలో, ఎంత ఆక్సిజన్ ప్రభావంలో సర్దుకున్నాయో లెక్కకట్టవచ్చు. బడ్డింగ్టన్, లిండ్స్లీ అనే శాస్త్రవేత్తలు 1964లో వేసిన దారి అది, సవరించిన రూపాల్లో ఇప్పటికీ వాడుతున్నారు. నెమ్మదిగా చల్లారిన గాబ్రోలో మాత్రం ఆ లెక్క నమ్మకండి, చల్లారేటప్పుడు ఆ రెండూ మళ్ళీ మళ్ళీ సర్దుకుంటూనే ఉంటాయి కాబట్టి వచ్చే ఉష్ణోగ్రత మాగ్మాది (భూమి లోపల కరిగి ఉన్న రాయిది) కాదు.

సల్ఫైడ్లదీ అలాంటి కథే. పిర్రోటైట్ అంచుల వెంట జ్వాలల్లా చీలికలుగా కనబడే పెంట్లాండైట్ నేరుగా మాగ్మా నుంచి గట్టిపడలేదు. మొదట ఇనుము, నికెల్, గంధకం కలిసిన ఒకే ఘనద్రావణం 1,100 డిగ్రీల ప్రాంతంలో గడ్డకడుతుంది, అది 600 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా దిగేసరికి నికెల్‌ను లోపల పట్టుకోలేక పెంట్లాండైట్‌గా బయటికి నెట్టేస్తుంది. ప్రపంచంలో సల్ఫైడ్ గనుల నుంచి వచ్చే నికెల్‌లో చాలా భాగం ఈ ఖనిజం నుంచే. కాబట్టి "ఓపేక్, 3 శాతం" అని రాసి పేజీ తిప్పేయకండి.

ప్రశ్న: ఇనుము, ఆక్సిజన్, గంధకం మూడూ మాగ్మాలోనే ఉన్నప్పుడు ఒకచోట ఆక్సైడ్ గనులు, ఇంకోచోట సల్ఫైడ్ గనులు ఎందుకు ఏర్పడతాయి? ఎక్కడ ఏది పుడుతుందో నిర్ణయించేది ఏమిటి?

ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న, కాబట్టి జవాబు కాస్త పొడుగే.

మాగ్మాలో ఇనుముకు మూడు దారులున్నాయి. సిలికాతో కలిసి ఆలివిన్, పైరాక్సీన్లలోకి వెళ్ళడం, ఆక్సిజన్‌తో మాగ్నటైట్ లాంటి ఆక్సైడ్‌లోకి వెళ్ళడం, గంధకంతో సల్ఫైడ్‌లోకి వెళ్ళడం. చాలా మటుకు మొదటి దారే పడుతుంది. మాగ్నటైట్ పుట్టాలంటే ఇనుములో కొంత భాగం ఫెర్రిక్ రూపంలో ఉండాలి, అంటే మాగ్మా కాస్త ఆక్సీకరణ చెంది ఉండాలి. లేకపోతే ఇనుము కరిగే ఉండిపోతూ, చల్లారే కొద్దీ మిగిలిన ద్రవంలో పోగవుతూ, చాలా ఆలస్యంగా మాగ్నటైట్‌గా బయటపడుతుంది. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ లాంటి భారీ పొరల శిలా సముదాయాల్లో క్రోమైట్ కింది భాగంలోనూ, వెనేడియం ఉన్న మాగ్నటైట్ పొరలు పై భాగంలోనూ కనిపించేది ఇందుకే. క్రోమియం తొందరపడే లోహం, మొదట్లోనే స్ఫటికంగా మారిపోతుంది. ఇనుము ఓపిక పడుతుంది.

సల్ఫైడ్ సంగతి పూర్తిగా వేరు. అది మొదట స్ఫటికంగా రాదు, ద్రవంగానే విడిపోతుంది. బసాల్ట్ మాగ్మా తనలో కరిగించుకోగలిగే గంధకం సుమారు 0.1 శాతం. అంతకు మించితే, నీళ్ళలో నూనె విడిపోయినట్టు, సల్ఫైడ్ ద్రవం బొట్లు బొట్లుగా వేరుపడుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ విడిపోయేది తేలదు, మునుగుతుంది, ఎందుకంటే అది చుట్టూ ఉన్న మాగ్మా కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. ఇలా విడిపోయిన బొట్టు ఊరుకోదు, చుట్టుపక్కల మాగ్మాలో ఉన్న నికెల్, రాగి, ప్లాటినం జాతి లోహాలను లాక్కుంటుంది. నికెల్ అయితే మాగ్మాలో కన్నా బొట్టులో కొన్ని వందల రెట్లు, రాగి వెయ్యి రెట్ల దాకా, ప్లాటినం, పల్లాడియం లాంటివి పదివేలు, లక్షల రెట్లు చేరతాయి. అందుకే బొట్టు ఎంత మాగ్మాను తాకింది అన్నదే అసలు లెక్క. కొద్ది సల్ఫైడ్, బోలెడంత మాగ్మా అయితే ప్లాటినం గని. సల్ఫైడ్ ఎక్కువై మాగ్మా తక్కువైతే గుట్టలకొద్దీ పిర్రోటైట్, అందులో విలువైనదేమీ పెద్దగా ఉండదు. క్యాంప్‌బెల్, నాల్డ్రెట్ 1979లో ఈ నిష్పత్తికి లెక్క కట్టారు, గనుల భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని ఆర్ ఫాక్టర్ అంటారు.

మరి గంధకం ఆ హద్దు ఎప్పుడు దాటుతుంది? ఇక్కడ చాలామంది పొరబడతారు. మాగ్మా భూమి పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే మాగ్మా ఇంకా ఎక్కువ గంధకాన్ని కరిగించుకోగలదు. కాబట్టి కింద నుంచి నిండుగా బయలుదేరినది కూడా పైకి చేరేసరికి ఖాళీ ఉన్నదే అవుతుంది. దారిలో ఎవరో గంధకం కలిపితే తప్ప పెద్ద గని ఏర్పడడం కష్టం. రష్యాలోని నోరిల్స్క్‌లో సైబీరియా లావాలు సుమారు 25 కోట్ల ఏళ్ళ క్రితం అన్‌హైడ్రైట్ (గంధకం ఉన్న ఉప్పు జాతి ఖనిజం), బొగ్గు ఉన్న అవక్షేపాల్లోంచి దూసుకొచ్చాయి, అక్కడి సల్ఫైడ్‌లోని గంధకం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) చూస్తే భూపటలం కింద ఉండే మాంటిల్ గంధకంలా కాకుండా అవక్షేపాల గంధకంలా బరువుగా ఉంటాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కంబాల్డాలో 1966లో నికెల్ తగిలింది. అక్కడిది 270 కోట్ల ఏళ్ళ నాటి కొమాటియైట్, అంటే 1,600 డిగ్రీల దగ్గర పారిన అల్ట్రామాఫిక్ లావా. నేల మీద పారుతూనే కింద ఉన్న గంధకపు అవక్షేపాలను కరిగించి మింగింది. అంత వేడి లావాలు ఇప్పుడు ఎక్కడా పారడం లేదు.

ఇంకో దారి కూడా ఉంది, మళ్ళీ ఇనుముతోనే ముడిపడింది. మాగ్మా గంధకాన్ని పట్టుకోగలగడానికి కారణం అందులో కరిగి ఉన్న ఇనుము. మాగ్నటైట్ ఒక్కసారిగా స్ఫటికీకరించడం మొదలుపెడితే ఇనుము తగ్గిపోతుంది, గంధకం తట్టుకోలేక సల్ఫైడ్‌గా బయటపడుతుంది. కాబట్టి ఆక్సైడ్, సల్ఫైడ్ వేరువేరు కథలు కావు, ఒకదాని పుట్టుక ఇంకోదాన్ని తోసే సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్న: నల్లరాతిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తున్నాయి. బంగారమా?

కాదు. దాదాపు ఖాయంగా చాల్కోపైరైట్ లేదా పైరైట్. సూదితో గుచ్చండి, బంగారం అణిగి సొట్ట పడుతుంది, ఇవి పొడిపొడిగా రాలతాయి. చాల్కోపైరైట్ పొడి ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. కంచు రంగులో ఉండి అయస్కాంతం కొంచెం లాగితే పిర్రోటైట్. పిర్రోటైట్‌లో అయస్కాంతానికి లొంగనిది కూడా ఉంది, కాబట్టి లాగలేదని కాదనుకోకండి.

ప్రశ్న: కెనడాలోని సడ్బరీ నికెల్ ఉల్క నుంచి వచ్చిందని విన్నాను. నిజమేనా?

ఉల్క పడిన మాట నిజం, నికెల్ దానిది కావడం నిజం కాదు. 1883లో రైలు మార్గం వేస్తుంటే ఆ ఖనిజం బయటపడింది, అది ఉల్కాపాతం వల్ల ఏర్పడిన నిర్మాణం అన్న వాదనను రాబర్ట్ డీట్జ్ 1964లో ముందుకు తెచ్చాడు. సుమారు 185 కోట్ల ఏళ్ళ క్రితం ఆ దెబ్బకు కరిగిపోయిన భూపటలం నుంచి సల్ఫైడ్ ద్రవం విడిపోయి అడుగుకు దిగింది, లోహాలూ ఆ భూపటలంలోవే. ఉల్క వేడిని ఇచ్చింది, సరుకును కాదు. మాగ్మా ఎలా పుట్టినా సల్ఫైడ్ విడిపోయే పద్ధతి మారలేదు చూడండి, అందుకే సడ్బరీ పాఠం మిగతా గనులకూ పనికొస్తుంది.

ప్రశ్న: మాగ్మాలో క్రోమియం చాలా తక్కువ అంటారు. మరి మీటరు మందంలో, దాదాపు క్రోమైట్ తప్ప ఇంకేమీ లేని పొరలు ఎలా వచ్చాయి?

ఈ ప్రశ్న మీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు, ఇంకా తేలలేదు.

ముందు ఇబ్బంది ఎంతటిదో చూడండి. బసాల్ట్ మాగ్మాలో క్రోమియం పది లక్షల పాళ్ళలో కొన్ని వందల పాళ్ళు, బాగా ఉంటే వెయ్యి. అందులో కొంతే ఒక్కసారి బయటపడుతుందనుకుని లెక్క వేస్తే, మీటరు మందం క్రోమైట్ పొరకు దాని పైన కిలోమీటరుకు మించిన మందంలో మాగ్మా కావాలి. దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ సముదాయంలో ఇలాంటి పొరలు ఒకటి రెండు కాదు, కింది, మధ్య, పై గుంపులుగా బోలెడున్నాయి, కొన్నిటిని వంద కిలోమీటర్లకు పైగా అనుసరించవచ్చు. ఆ సముదాయం వయసు సుమారు 205 కోట్ల ఏళ్ళు, విస్తీర్ణం 65,000 చదరపు కిలోమీటర్ల దాకా.

రెండో ఇబ్బంది ఇంకా గట్టిది. మామూలుగా చల్లారే మాగ్మా నుంచి క్రోమైట్ ఒంటరిగా రాదు, ఆలివిన్‌తో కలిసి వస్తుంది, అదీ నూటికి ఒకటి రెండు పాళ్ళు. ఆలివిన్‌ను ఆపి క్రోమైట్‌ను మాత్రమే రప్పించాలంటే ఏదో జరగాలి. ఇర్విన్ అనే శాస్త్రవేత్త 1970ల్లో రెండు మార్గాలు చెప్పాడు. మాగ్మాలో సిలికా ఎక్కువున్న చుట్టుపక్కల రాయి కరిగి కలవడం ఒకటి, అప్పటికే కొంత ముదిరిన మాగ్మాలోకి తాజా మాగ్మా వచ్చి కలవడం ఇంకోటి. రెండిట్లోనూ ఫలితం ఒకటే, కలిసిన ద్రవం కాసేపు క్రోమైట్ ఒక్కటే పుట్టే పరిధిలో పడుతుంది. మాగ్మా గదిలో ఒత్తిడి హఠాత్తుగా మారడమే కారణమని మరికొందరు, స్ఫటికాలు ముందే వేరేచోట తయారై బురదలా జారి వచ్చి, బరువును బట్టి వేరుపడ్డాయని ఇంకొందరు. తాజా మాగ్మా కలిసిందన్న వాదన వైపే నేను మొగ్గుతాను, ఎందుకంటే చాలా పొరల దగ్గర, వాటి పైనా కిందా ఉన్న రాళ్ళ రసాయనం హఠాత్తుగా మారుతుంది. అన్ని పొరలకూ ఒకే కారణం ఉండాలని మాత్రం అనుకోను.

ఈ గొడవ పుస్తకాలకే పరిమితం కాదు. బుష్‌వెల్డ్‌లో యూజీ-2 అనే క్రోమైట్ పొర మీటరుకు అటూ ఇటూ మందమే, కానీ ప్రపంచ ప్లాటినంలో పెద్ద వాటా దాని నుంచీ, దాని పైన ఉండే మెరెన్‌స్కీ రీఫ్ అనే పొర నుంచీ వస్తోంది. 1924లో హాన్స్ మెరెన్‌స్కీ జాడ తీసిన ఆ రీఫ్‌లో ప్లాటినం కొద్దిపాటి సల్ఫైడ్ చుక్కలతో కలిసి ఉంటుంది, ఆ సల్ఫైడ్‌కు కిందా పైనా సన్నటి క్రోమైట్ గీతలు. అంటే ఆక్సైడ్ పొర పుట్టిన సంఘటనే సల్ఫైడ్‌నూ పుట్టించిందా అన్న అనుమానం సహజం. మన దేశంలో క్రోమైట్ అంటే ఒడిశాలోని సుకిందా లోయే, దేశం మొత్తం వనరుల్లో 90 శాతానికి పైగా ఒడిశాలోనే ఉన్నాయి. ఒమన్, సైప్రస్ లాంటి చోట్ల సముద్రపు అడుగు పైకి తేలిన ముక్కల్లో దొరికే క్రోమైట్ మాత్రం పొరలుగా కాక ముద్దలుగా, డ్యూనైట్ (దాదాపు అంతా ఆలివిన్ ఉన్న రాయి) తొడుగుల్లో ఉంటుంది, దాని పుట్టుక వేరు కథ.

ప్రశ్న: చంద్రుడి మీద బసాల్ట్‌లోనూ ఇవే ఖనిజాలు ఉంటాయా?

కొన్ని ఉంటాయి, ఒకటి దాదాపు ఉండదు. అక్కడ ఆక్సిజన్ ప్రభావం ఎంత తక్కువంటే ఫెర్రిక్ ఇనుము పుట్టే అవకాశమే చాలా తక్కువ, కాబట్టి మాగ్నటైట్ అరుదు. దాని బదులు ఇల్మనైట్ రాజ్యమేలుతుంది. అపోలో 11 తెచ్చిన బసాల్ట్‌లలో టైటానియం డయాక్సైడ్ 10 శాతం చుట్టూ ఉంది, భూమి మీద బసాల్ట్‌లలో సాధారణంగా 1 నుంచి 3 శాతం. సల్ఫైడ్ కూడా ఇక్కడిలా ఇనుము తక్కువున్న పిర్రోటైట్ కాదు, ఇనుము పూర్తిగా నిండిన ట్రాయిలైట్, పక్కనే లోహపు ఇనుము తునకలు. ఆ రాళ్ళలో దొరికిన ఒక కొత్త టైటానియం ఆక్సైడ్‌కు ముగ్గురు వ్యోమగాముల పేర్లూ కలిపి ఆర్మాల్కోలైట్ అని పెట్టారు, తర్వాత అది భూమి మీదా కనిపించింది. ఇల్మనైట్‌ను హైడ్రోజన్‌తో బాగా వేడి చేస్తే నీరు వస్తుంది, ఆ నీటిని విడదీస్తే ఆక్సిజన్. అక్కడ ఉండబోయేవాళ్ళ లెక్కల్లో ఈ ఖనిజానికి చోటు ఉన్నది అందుకే.

ప్రశ్న: గాబ్రో కంకర కాంక్రీటులో వాడబోతున్నాం. కంకర రాళ్ళ మీద తుప్పు మరకలు కనిపిస్తున్నాయి. పైపైదే కదా, కడిగి వాడొచ్చా?

కడిగితే మరక పోతుంది, పిర్రోటైట్ పోదు. ముందు ఆ మరక దేనివల్లో తెలుసుకోండి. ఆలివిన్ పాతబడినా, మాగ్నటైట్ పైన తేమ పట్టినా తుప్పు రంగు వస్తుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. సల్ఫైడ్ వల్ల అయితే కథ వేరు.

పిర్రోటైట్‌లో ఇనుము పరమాణువులు ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి, అందుకే అది పైరైట్ కన్నా చాలా త్వరగా గాలికీ తేమకూ లొంగిపోతుంది. తుప్పుతో పాటు సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం సిమెంటుతో చర్య జరిపి జిప్సం, ఎట్రింజైట్ లాంటి ఉబ్బే పదార్థాలను తయారుచేస్తుంది, కాంక్రీటు లోపలి నుంచి పగులుతుంది. కెనడాలోని క్విబెక్‌లో ట్రోయిస్ రివియేర్ ప్రాంతంలో సరిగ్గా ఇదే జరిగింది. పిర్రోటైట్ ఉన్న గాబ్రో జాతి కంకరతో వేసిన పునాదులు కట్టిన మూడు నుంచి ఐదేళ్ళలోనే బీటలు వారాయి, అలా వెయ్యికి పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి. ఆ కంకరలో పిర్రోటైట్‌తో పాటు పెంట్లాండైట్, చాల్కోపైరైట్ కూడా ఉన్నాయి, అంటే పైన చెప్పుకున్న మాగ్మా సల్ఫైడ్ కుటుంబం మొత్తం.

యూరప్ ప్రమాణాల్లో కంకరకు మొత్తం గంధకం 1 శాతం దాకా ఒప్పుకుంటారు, పిర్రోటైట్ ఉందని తెలిస్తే మాత్రం ఆ హద్దు 0.1 శాతానికి దించేస్తారు. పదో వంతు. కాబట్టి ల్యాబ్‌కు పంపేటప్పుడు "గంధకం ఎంత" అని మాత్రమే అడగకండి, "ఏ ఖనిజంగా ఉంది" అని కూడా అడగండి. పాలిష్ చేసిన ముక్కను పైకాంతి మైక్రోస్కోప్‌లో చూసే పెట్రోగ్రాఫర్ ఎవరైనా పిర్రోటైట్‌ను గుర్తుపడతారు. ఒకే ముక్క ఇచ్చి సరిపెట్టకండి, గాబ్రోలో సల్ఫైడ్ అంతటా ఒకేలా పరుచుకుని ఉండదు, క్వారీలో పది అడుగులు పక్కకు జరిగితే లెక్క మారిపోవచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఆ కంకరను దారి చదును చేయడానికి కావాలంటే వాడుకోండి, పునాదిలో మాత్రం పోయకండి.